నీటికి పన్ను, రుసుము, వెల

చెన్నై నగరంలో కాపురముంటున్నవారు నీటికోసం మూడు తీరులుగా డబ్బు చెల్లిస్తారు. ఇంటి వార్షిక విలువనుబట్టి నిర్ణయించి ఆరు నెలలకొకసారి వసూలు చేసేది మొదటిది. తమిళ రసీదుపై దానిని ‘వరి’ అని రాస్తారు, తెలుగులో పన్ను. కుళాయి కనెక్షన్ ఉన్నందుకు కట్టేది రెండవది. అది తమిళంలో ‘కట్టణం’, మనకు రుసుము. లారీ నీటికి, క్యాను నీటికి చేతిలో పెట్టేది మూడవది. దానికి తమిళం ‘విలై’; మన వెలకు, విలువకు దగ్గరి చుట్టం. నగరపాలక పత్రాలను తెలుగు చేసేటప్పుడు ఈ మూడింటినీ ‘నీటి చార్జీ’ అనే ఒక్క మాటతో సరిపెట్టవచ్చుగదా అని అడిగేవారున్నారు. సరిపెట్టరాదు. పన్ను పౌరుడు ప్రభుత్వానికి కట్టేది. రుసుము ఒక సేవను పొందేవాడు ఆ సేవకు ఇచ్చేది. వెల అమ్మేవాడికి కొనేవాడు ఇచ్చేది. నీరు ఈ మూడింటిలో ఏ మాట కిందికి వస్తున్నదో తెలిస్తే, ఆ నీటిపై మనకు ఎంత హక్కున్నదో కూడా తెలుస్తుంది. (‘వరి’ అనే మాట చూడగానే తెలుగువారి కంటికి వడ్లు కనబడతాయి. నీటికీ వరికీ ఉన్న సంబంధం ఈ పాఠంలో మరికొంత దూరం పోయాక రాక తప్పదు.)

ఒక లెక్క వేసి చూద్దాం. ఇరవై లీటర్ల క్యాను 30 రూపాయలనుకొంటే వెయ్యి లీటర్లకు 1,500 రూపాయలు పడుతుంది. పన్నెండువేల లీటర్ల లారీ 2,400 రూపాయలనుకొంటే వెయ్యి లీటర్లకు 200. వీధివీధికీ, నెలనెలకూ ఈ ధరలు మారుతాయి. మీ ఇంటి అంకెలు వేసుకొని చూసుకోండి. సముద్రపు నీటిలోని ఉప్పు తీసే మింజూరు కర్మాగారం 2010లో మొదలైనప్పుడు, దాని నుంచి నీటి బోర్డు కొనే ధర వెయ్యి లీటర్లకు సుమారు 48 రూపాయలుగా ఒప్పందం జరిగింది. ఇక మీటరు లేని ఇంటి కుళాయికైతే నెలకింత అని కట్టడమే తప్ప, ఒక బిందె పట్టినా వంద బిందెలు పట్టినా తేడా లేదు. అంటే గొట్టం ఉన్న ఇంటిలో అదనంగా వాడే ప్రతి లీటరూ ఉచితం. గొట్టం లేని ఇంటిలో ప్రతి లీటరుకూ వెల. మనవాళ్ళలో పాత కుటుంబాలు షావుకారుపేట, పెరంబూరు వంటి చోట్ల గొట్టాలున్న వీధులలో స్థిరపడినారు. గత పాతికేళ్ళలో నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చినవారు ఎక్కువగా పాత మహాబలిపురం రోడ్డు వెంట, కొత్త శివారులలో, కట్టడాల పక్కన దిగారు. గొట్టం ఆలస్యంగా చేరే చోట్లు అవి. కాబట్టి నగరానికి కొత్తగా వచ్చినవాడే నీటికి ఎక్కువ వెల చెల్లిస్తాడు. తక్కువ ఆదాయం గలవారికి తక్కువ ధర అన్న నియమం ఇక్కడ తలకిందులుగా నడుస్తున్నది.

నీటి కొరతను వ్యాపారం ద్వారా, ధర ద్వారా సర్దుబాటు చేయవచ్చునని అర్థశాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. వారి వాదం కొట్టివేయదగినది కాదు. వస్తువు కొరతపడినప్పుడు ధర పెరుగుతుంది. ధర పెరిగితే వృథా తగ్గుతుంది. తక్కువ విలువ తెచ్చే పనిలో ఉన్న నీరు ఎక్కువ విలువ తెచ్చే పనికి తరలిపోతుంది. ఇచ్చినవాడికి పరిహారం ముడుతుంది, పుచ్చుకొన్నవాడికి అవసరం తీరుతుంది. బలవంతం లేదు, జప్తు లేదు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. అయితే ఈ వాదానికి కింద ఒక మెట్టు ఉన్నది: అమ్మేవాడు తనదైన వస్తువునే అమ్ముతూ ఉండాలి. చెన్నై లారీ నీటి విషయంలో సందేహం ఆ మెట్టు దగ్గరే.

లారీవాడు మనకు అమ్మేది ఏమిటి? డీజిలు, డ్రైవరు జీతం, దూరం, నిరీక్షణ. ఇవన్నీ పోను నీటికి మిగిలే భాగం బహు స్వల్పం. బోరు యజమాని లారీకి ఇంత అని తీసుకొంటాడు గాని, ఆ నీరు అతడికి దాదాపు ఖర్చు లేకుండా వచ్చినదే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన భూమి కింద ఉన్న నీటిని తన హద్దులలో తోడుకొని వాడుకొనే హక్కు భూస్వామికి ఉన్నది. తమిళనాడులో వ్యవసాయ మోటారుకు కరెంటు ఉచితం. నేల కింద నీటికి మాత్రం సర్వే రాళ్ళు లేవు. నా బోరు లోతుగా దింపి రాత్రింబవళ్ళు తోడితే పక్కవాడి బావి ఎండుతుంది. నేను అమ్మినది నా నీరా, అతడి నీరా? అమ్మకపు డబ్బు నా జేబులోకి వచ్చింది. నష్టం అతడి పొలంలో మిగిలింది. ధర ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోదు.

ఈ ప్రశ్న ఊహకు పుట్టినది కాదు. నగరానికి ఉత్తరాన ఆరణియారు, కొసస్థలైయారు నదుల పరీవాహకం ఉన్నది. ఆరణియారు పుట్టింది పాత చిత్తూరు జిల్లా కొండలలో. ఊత్తుకోట్టై, గుమ్మిడిపూండి, తిరుత్తణి వైపు ఊళ్ళలో నేటికీ తెలుగు ఇంటిభాషగా ఉన్న రైతులెందరో ఉన్నారు. ఆ ఇసుక నేలలలో నీరు పుష్కలమని గుర్తించి మింజూరు, పంజెట్టి, తామరైపాక్కం మొదలైన చోట్ల నగరం కోసం, ఉత్తర మద్రాసు కర్మాగారాల కోసం దశాబ్దాలపాటు బోర్లు నడిపారు. తోడకం మితిమీరడంతో మింజూరు ప్రాంతంలో సముద్రపు ఉప్పునీరు భూగర్భంలో కిలోమీటర్ల లోపలికి చొచ్చుకువచ్చింది. ఉప్పెక్కిన నేలకు నీటి వెల ఎంత ఇచ్చినా పాత తీపి తిరిగిరాదు.

2000 తరువాత వచ్చిన కరవు సంవత్సరాలలో నీటి బోర్డు మరొక మార్గం తొక్కింది. రైతుల బావులనుంచి గంటల లెక్కన నీరు కొని తన గొట్టాలలోకి ఎక్కించుకొన్నది. ఇది మన దేశంలో నగరం, పల్లె మధ్య జరిగిన నీటి క్రయవిక్రయాలలో చెప్పుకోదగినది. బలవంతపు స్వాధీనంతో పోలిస్తే ఇది మేలైన పద్ధతే. రైతుకు చేతిలో రొక్కం పడింది, నగరానికి గొంతు తడిసింది. కాని ఆ బేరంలో కూర్చొన్నవారు ఇద్దరే: బోర్డు, బావి యజమాని. బేరం బయట ఉన్నవారు మరి ముగ్గురు. తక్కువ లోతు బావి గల పక్క రైతు ఒకరు. నీరు అమ్ముకొని మడి ఎండబెట్టిన పొలంలో నాట్లు లేక, కలుపు లేక, కోత లేక పోయిన కూలి మరొకరు. కౌలుకు దున్నుకొనేవాడు మూడవవాడు. భూమి అతడిది కాదు కనుక నీటి డబ్బూ అతడిది కాదు. పనులు పోయిన కూలీలు ఎక్కడికి వస్తారు? నగరానికే వస్తారు. వచ్చి, గొట్టం లేని శివారులో గుడిసె వేసుకొని, తమ ఊరి నీటినే బిందె లెక్కన కొంటారు. అందరి విషయంలోనూ ఇలా జరిగిందని అనను. అయితే బేరం కుదిరిన తీరు ఇందుకు తలుపు తెరిచి పెట్టిందని మాత్రం అనవచ్చు.

చట్టం లేకపోలేదు. చెన్నై మహానగర ప్రాంత భూగర్భజల నియంత్రణ చట్టం 1987లో వచ్చింది. అమ్మకానికి నీరు తోడడానికి, లారీలో తరలించడానికి లైసెన్సు ఉండాలని అది చెబుతుంది. 2018లో మద్రాసు హైకోర్టు ఆదేశాల తరువాత అధికారులు ఈ విషయంలో గట్టిపడగా లారీ యజమానులు సమ్మెకు దిగారు. రెండు మూడు రోజులలోనే హోటళ్ళు, హాస్టళ్ళు, అపార్టుమెంట్లు అల్లాడిపోయాయి. లైసెన్సు లేని వ్యాపారంపై నగరం ఎంతగా ఆధారపడి ఉన్నదో ఆ సమ్మె లోకానికి చాటింది.

నీటి వ్యాపారం సక్రమంగా నడవాలంటే ఏమి కావాలో చూపడానికి ఆస్ట్రేలియాలోని మర్రే–డార్లింగ్ నదుల ప్రాంతాన్ని ఉదాహరిస్తారు. పది లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన పరీవాహకం అది. అక్కడ మొదట చేసిన పని అమ్మకం కాదు, హద్దు గీయడం. నదులనుంచి మొత్తం మీద ఇంతకు మించి తీయరాదని 1990లలో పరిమితి పెట్టారు. ఆ తరువాతనే ఆ పరిమితిలోని వాటాలను భూమినుంచి విడదీసి, అమ్ముకొనేందుకు వీలు కల్పించారు. ప్రతి వాటాదారుకూ ఏటా నీటి లభ్యతనుబట్టి ఇంత అని కేటాయిస్తారు. వాటాను శాశ్వతంగా అమ్మవచ్చు, ఆ ఏటి కేటాయింపును మాత్రమే అమ్మవచ్చు. ఈ శతాబ్దారంభంలో అక్కడ వచ్చిన దీర్ఘమైన కరవులో వరి రైతులు ఆ ఏడు పంట మానుకొని తమ నీటిని ద్రాక్ష, బాదం తోటలవారికి అమ్మారు. చెట్టు ఒక ఏడు ఎండితే పోతుంది. వరి మరుసటి ఏడు వేసుకోవచ్చు. ఆ అమ్మకం వలన తోటలు బతికాయి, వరి రైతు చేతికీ డబ్బు వచ్చింది. నదికి కూడా బతికే హక్కున్నదని గుర్తించి ప్రభుత్వం తానే వాటాలు కొని నీటిని నదిలోనే వదిలింది. నాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. నది తరఫున ఒకరు బజారుకు వెళ్ళడం. ఇంత చేసినా అక్కడ కూడా ఫిర్యాదులు తప్పలేదు. నీరు అమ్ముకొన్న ఊళ్ళలో దుకాణాలు మూతపడ్డాయన్నారు. దళారుల ఆటకు అదుపు లేదని ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థే 2021లో వేలెత్తి చూపింది.

మన లారీ బజారుకు ఆ బజారుకు తేడా స్పష్టం. అక్కడ హద్దు ఉన్నది, కొలత ఉన్నది, ఎవరి వాటా ఎంతో రాసిన పుస్తకం ఉన్నది. ఇక్కడ ఈ మూడూ లేకుండా ధర ఒక్కటే ఉన్నది. హద్దులేని చోట ధర పెరిగితే పొదుపు పెరగదు. ఇంకా లోతైన బోరు పడుతుంది.

తెలుగువారికి ఈ నగరపు నీటితో మరొక బంధమున్నది, అది తెలుగు గంగ. కృష్ణా జలాలలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టి.ఎం.సి.లు మద్రాసు నగరానికి వదలాలని 1976లో అంగీకారానికి వచ్చాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల ఒప్పందం ప్రకారం దారిలో ఆవిరయ్యేది పోగా ఏటా 12 టి.ఎం.సి.లు సరిహద్దు వద్ద అప్పగించాలి. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వచ్చిన నీరు ఊత్తుకోట్టై దగ్గర సరిహద్దు దాటి పూండి చేరుతుంది. 1996లో తొలిసారి చేరింది. కాలువ గట్లు దెబ్బతిని నీరు దారిలోనే ఇంకిపోతూ ఉండగా, పుట్టపర్తి సత్యసాయిబాబా ట్రస్టు దానిని బాగుచేయించింది. ఇది వ్యాపారం కాదు, రాష్ట్రాల మధ్య మాట. అయినా ఇందులోనూ ఇచ్చిపుచ్చుకోవడమున్నది: నిర్మాణపు ఖర్చులో తమిళనాడు తన వాటా భరించింది, ఆ కాలువల కింద రాయలసీమ, నెల్లూరు పొలాలకూ నీరు పారింది. ఒప్పుకొన్న 12 టి.ఎం.సి.లు పూర్తిగా అందడం అరుదు. పైన జలాశయాలలో నీరుంటే వస్తుంది, లేకపోతే రాదు. కరవు ఏడాది దారిపొడవునా ఎండుతున్న పైరును చూస్తూ తన పక్కనుంచి మద్రాసుకు పోయే నీటిని రైతు ఏ మనసుతో చూస్తాడో, ఇక్కడ కుళాయి తిప్పే మనం అప్పుడప్పుడైనా ఊహించుకోవాలి. ఆ రైతు మన చుట్టమే కావచ్చు.

2019 వేసవిలో ఈ ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా పరీక్షకు నిలిచాయి. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ కలిసి సుమారు 11 టి.ఎం.సి.లు పట్టగలవు; జూన్ నాటికి అవి దాదాపు ఒట్టిపోయాయి. జులై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలు 25 లక్షల లీటర్ల నీటితో విల్లివాక్కం చేరింది. పత్రికలన్నీ ఆ బొమ్మను అచ్చువేశాయి. కోత పెట్టిన తరువాత కూడా ఆ రోజులలో బోర్డు సరఫరా చేస్తున్నది రోజుకు 50 కోట్ల లీటర్లకు పైమాటే. ఆ లెక్కన ఒక రైలు తెచ్చింది నూటికి అర పాలు. తక్కినదంతా ఉప్పుతీసిన సముద్రపు నీరు, వీరాణం నీరు, పాత క్వారీ గుంటల నీరు, రైతుల బావుల నీరు.

ఇక నా దృష్టిలో నగరం చేసిన మంచి వ్యాపారం ఒకటున్నది. దాని పేరు చెబితే ముక్కు మూసుకొంటారు కనుక అంతగా ప్రచారం లేదు. అది మురుగునీటి అమ్మకం. మణలిలోని చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం 1990ల ఆరంభంనుంచే బోర్డు వద్ద శుద్ధిచేసిన మురుగునీటిని కొని, తాము మరింత శుభ్రపరచుకొని వాడుకొంటున్నాయి. 2019లో కొడుంగైయూరు, కోయంబేడులలో ఒక్కొక్కటి రోజుకు 4.5 కోట్ల లీటర్ల శక్తి గల ఉన్నతస్థాయి శుద్ధి కేంద్రాలు మొదలై, ఉత్తర దిక్కు కర్మాగారాలకు, శ్రీపెరుంబుదూరు వైపు పారిశ్రామికవాడలకు గొట్టాలలో నీరు పంపుతున్నాయి. ఈ బేరంలో పైన చెప్పిన చిక్కులేవీ లేవు. అమ్మేది నిస్సందేహంగా నగరం తనదే. ఏ పక్క రైతు బావీ ఎండదు. కరవు వచ్చినా మురుగుకు కరవు రాదు. కర్మాగారానికి నమ్మకమైన నీరు దొరుకుతుంది, అది వదిలిపెట్టిన మంచినీరు ఇళ్ళకు మిగులుతుంది. మన స్నానాలగది నీరు మణలి చేరి కాసులు కురిపించి, దానికి బదులు తాగునీరు తిరిగివస్తున్నదన్నమాట.

పాఠంలో కష్టమైన భాగం ఒకటి మిగిలింది. లండన్ ఆచార్యుడు టోనీ అల్లన్ 1990లలో కనబడని నీరు గురించి చెప్పాడు. దేశాలు నీటిని నీటి రూపంలోకన్నా ధాన్యం రూపంలోనే ఎక్కువగా తెచ్చుకొంటున్నాయని ఆయన వాదం. ఈ భావనకు 2008లో స్టాక్‌హోం నీటి బహుమతి లభించింది. కిలో బియ్యం పండడానికి ప్రపంచపు సగటున సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుందని పరిశోధకుల లెక్క. అందులో కొంత వాన నీరే. నేలనుబట్టి, పద్ధతినిబట్టి మారుతుంది కూడా. అయినా స్థూలంగా తీసుకొంటే, మన ఇంటికి వచ్చే పాతిక కిలోల నెల్లూరు బియ్యపు బస్తాలో 62,500 లీటర్లున్నాయి. పన్నెండువేల లీటర్ల లారీలు అయిదు! లారీ నీరు ఆలస్యమైతే వీధిలోకి వచ్చి గొడవపడే మనం, అయిదు లారీలను భుజాన మోసుకొచ్చి వంటింట్లో దింపిన కుర్రవాడిని చూసి ఏమీ అనుకోము. నగరం తన ఆకలిని తన నీటితో తీర్చుకోవడం లేదు. గోదావరి, పెన్న, కావేరి మడుల నీటితో తీర్చుకొంటున్నది. ఇది చెడ్డదని కాదు. నీరున్న చోట పండించి లేని చోటికి పంపడమే తెలివైన వ్యాపారం. నీరు లేని చోట బోర్లు వేసి వరి పండించి దూరదేశాలకు ఎగుమతి చేయడం మాత్రం, లెక్క చూస్తే, నేల కింది నిల్వను బస్తాలలో కట్టి పంపడమే.

ఇక ఇళ్ళలో, సంఘాలలో పనికివచ్చే మాటలు.

లారీ నీరు కొనేవారు కొలత చూసుకోవాలి. సంపు పొడవును వెడల్పుతో, ఆ వచ్చినదాన్ని నీరు పెరిగిన ఎత్తుతో మీటర్లలో గుణించి, వేయితో హెచ్చిస్తే లీటర్లు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల సంపులో నీరు రెండు మీటర్లు పెరిగితే అది 12,000 లీటర్లు. ఎత్తు అంతకు తగ్గితే డ్రైవరుతో అప్పుడే తేల్చుకోవాలి, లారీ కదిలాక కాదు. సంపు గోడమీద రంగుతో గీతలు గీయిస్తే ఎవరైనా చదవగలరు. తేదీ, లారీ నంబరు, లీటర్లు, ఇచ్చిన సొమ్ము ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

అద్దెకు దిగేవారు ఒప్పందపత్రంలో లారీ నీటి ఖర్చు ఎవరిదో రాయించుకోవాలి. ‘నిర్వహణ వ్యయం’ అనే మాటలో అది కలిసిపోతే వేసవిలో ఇంటద్దె పెరిగినట్లే. అపార్టుమెంట్లలో ఈ ఖర్చును ఇంటికింత అని సమంగా పంచడం వాడుక. ఇద్దరున్న ఇంటివారు ఆరుగురున్న ఇంటికి నీరు కొనిపెట్టడమే అది. ఇంటింటికీ చిన్న మీటరు పెట్టుకొన్న చోట తగవులు తగ్గుతాయి, వాడకం కూడా తగ్గుతుంది. పైన ఆస్ట్రేలియా గురించి చెప్పిన హద్దు, కొలత, పుస్తకం మన మెట్లకింద కూడా పెట్టుకోగలిగినవే. కట్టడాల దగ్గర, గుడిసెల వాడలలో ఉండేవారు వీధి చివర బోర్డు పెట్టించిన నల్ల ట్యాంకులోని నీరు అమ్మకానిది కాదని తెలుసుకోవాలి. దానిని ఎవరైనా బిందెకింత అని అమ్మితే వార్డు కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. తమిళం రాదని జంకనక్కరలేదు, కాగితంమీద తెలుగులో రాసి ఇచ్చినా తీసుకొమ్మని పట్టుబట్టండి.

వాన నీటి గుంటలు తమిళనాడులో ప్రతి కట్టడానికీ 2003 నుంచి తప్పనిసరి. చాలా ఇళ్ళలో ఉన్నాయి, చాలా ఇళ్ళలో పూడిపోయి ఉన్నాయి. నూరు చదరపు మీటర్ల డాబామీద ఏడాదికి 1,300 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1,30,000 లీటర్లు. పొంగిపోయినది, ఆవిరైనది తీసివేసినా లక్ష లీటర్లు నేలలోకి దింపవచ్చు. ఎనిమిది లారీలకు పైన. ఈశాన్య రుతుపవనం తమిళుల ఐప్పసిలో, మన ఆశ్వయుజ కార్తికాలలో వస్తుంది. కనుక భాద్రపదం దాటకముందే గుంటలోని మట్టి తీయించి, కంకర కడిగించి, డాబా గొట్టపు జాలీ మార్పించుకోవాలి.